మెత్తబడ్డ పనిచొక్కా

సబ్బుల కొట్టు నడిపే సబ్బులక్క చుట్టాన్నైనా సరుకునైనా ఒకే రకంగా తూచేది. ఉంచుకుంటే ఏం మిగులుతుంది, వదులుకుంటే ఏం పోతుంది? ఆ లెక్కలో బట్టలను మెత్తబరిచే మందు మేలైన సరుకు. ఆఖరి జాడింపు నీళ్ళలో ఓ మూత పోస్తే బట్ట దూదిలా అవుతుంది. పొడిగాలి రోజుల్లో ఒంటికి అతుక్కోదు, విప్పుతుంటే చిటపటలాడదు. పైగా పూలవాసన. ఓసారి కొన్నవాళ్ళు మళ్ళీ రాక మానరు.

ఆ మధ్యాహ్నం దర్జీ ఆవిడ కొట్టుకు వచ్చింది. నడుస్తుంటే గౌను కాళ్ళకు చుట్టేసుకుంటోంది. రెండడుగులకోసారి లాక్కుంటోంది.

"వదినా, దీనికేదైనా మందివ్వు. తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కు. మా ఆయన చెయ్యి తగిలినా చురుక్కే!"

"ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడానా? అదృష్టవంతురాలివి."

"చాల్లే సంబడం!"

సబ్బులక్క చెయ్యి తడి చేసుకుని ఆవిడ గౌను మీద పైనుంచి కిందికి రాసింది. గౌను బుద్ధిగా వేలాడింది. "ఇది ఇప్పటికి. ఇంటి దగ్గర నైలాను బట్టల్నీ నూలు బట్టల్నీ కలిపి ఆరబెట్టకు. డ్రైయర్లో మాడేదాకా తిప్పకు, కాస్త చెమ్మ ఉండగానే తీసి దండెం మీద వెయ్యి. ఆఖరి నీళ్ళలో ఇది ఓ మూత."

"తువ్వాళ్ళకీ పోయొచ్చా?"

"వద్దు, తర్వాత తడి పీల్చవు."

"ఇంకా వేటికి వద్దో కాస్త చదివి పెట్టు వదినా. నా కళ్ళద్దాలు కుట్టుమిషను మీదే మర్చిపోయా."

ఇన్నాళ్ళూ సబ్బులక్క సీసా ముందువైపు పూలబొమ్మ చూపించే అమ్మింది. ఇప్పుడు వెనక్కి తిప్పి, బేరం కుదిరినట్టేనన్న హుషారులో గట్టిగా చదివింది. "తువ్వాళ్ళకు వాడవద్దు. మంట అంటుకోకుండా తయారుచేసిన దుస్తులకు అసలే వాడవద్దు..."

మిగతాది కళ్ళతో చదివింది. మందు పొర పేరుకుంటే అలాంటి బట్టకు కూడా నిప్పు అంటుకుంటుందట.

ఆమె తమ్ముడు వెల్డింగు షెడ్డులో పని చేస్తాడు. అక్కడిచ్చిన, మంట అంటుకోని పనిచొక్కా అట్టలా ఉండేది. కాలరు రాసుకుని మెడ ఎర్రగా కందిపోయేది. వాడు మెడ తిప్పకుండా తిని లేచేవాడు. చూడలేక ఆ చొక్కా జాడించే నీళ్ళలోనూ మందు పోయడం మొదలుపెట్టింది. అందరికీ ఓ మూత చెప్పే మనిషి, తమ్ముడు కదా అని రెండు పోసింది.

"ఏమైంది వదినా, మొహం అలా పాలిపోయింది?"

"కొట్టు కట్టేస్తున్నా."

"మరి నా సీసా?"

"పట్టుకుపో. తర్వాత చూసుకుందాం."

సబ్బులక్క పగటిపూట తలుపు దించడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

తమ్ముడికి ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తేవాళ్ళు లేరు. పనిలోకి దిగేముందు ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో వేయిస్తారు. పరుగులాంటి నడకతో బయల్దేరింది. దారంతా లోపల లెక్క నడుస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ వేసుకున్నాడు, ఏమీ కాలేదు కదా? ఇన్నాళ్ళూ పొర మీద పొర పేరుకుంది కదా. లాభంలా మొదలైన మాట ప్రతిసారీ నష్టంగానే తేలుతోంది.

షెడ్డు గేటు దగ్గర కాపలా ముసలాయన లేచి నిలబడ్డాడు. "మీరేనా అక్కగారు? మీవాడు పొద్దున ఇటు నడిచొస్తుంటే పూలబండి వచ్చిందనుకున్నా! లోపల అంతా పెళ్ళికొడుకా అని పిలుస్తున్నారు."

"వాణ్ణి బయటికి పిలవండి బాబాయ్. ఇప్పుడే."

"ట్యాంకుకి అతుకు వేస్తున్నాడమ్మా. మధ్యలో పిలిస్తే మేస్త్రీ నన్ను తిడతాడు."

"ఆ తిట్లేవో నేను తింటాను. పిలవండి!"

ముసలాయన ఆమె మొహం చూసి లోపలికి నడిచాడు. రేకుల సందుల్లోంచి నీలం వెలుగు భగ్గుమంటోంది, ఆరిపోతోంది. వెలిగితే ఒక భయం. ఆరితే ఎందుకు ఆరిందోనని ఇంకో భయం. లోపల ఎవరో అరిచారు, ఇనుము ఏదో కిందపడింది. ఆమె గేటు ఊచలు పట్టుకుంది.

తమ్ముడు ముసుగు తల మీదికి నెట్టుకుంటూ వచ్చాడు. వెనకాలే మేస్త్రీ.

"అక్కా! కొట్టు కట్టేసి వచ్చావా? ఎవరు పోయారు?"

"నోరు ముయ్యి. ముందు ఆ చొక్కా విప్పు."

"ఇక్కడా? లోపల చిరుగుల బనియను, వీళ్ళు నన్ను బతకనిస్తారా?"

"నేను దాన్ని మెత్తబరిచే మందులో జాడించానురా. అది వేస్తే నిప్పు అంటుకుంటుందట. సీసా మీదే ఉంది. నేనే చదవలేదు."

"ఒక్క అతుకు మిగిలిందక్కా. అదయ్యాక మార్చుకుంటా."

"ఒక్కటి కాదు, సగం కూడా కుదరదు." జీవితమంతా బేరాలాడిన మనిషి, ఈ బేరంలో వెంట్రుకంతైనా దిగలేదు. "విప్పు!"

తమ్ముడు నవ్వబోయి ఆగాడు. చొక్కా అంచు ఎత్తి చూసుకున్నాడు. అక్కడ వేలు పట్టేంత కన్నం, చుట్టూ నల్లటి అంచు. "ఇందాక రవ్వ పడితే మంట లేచింది. చేత్తో కొట్టేశా. బట్ట పాతబడిందనుకున్నా. ఇదివరకైతే మచ్చ పడి ఆరిపోయేది..." చెబుతూ చెబుతూనే గుండీలు తీసేశాడు.

మేస్త్రీ చొక్కా అందుకుని వాసన చూసి గోడ పక్కకు విసిరేశాడు. స్టోరులోంచి ఇంకోటి తెచ్చి, "దీన్ని ఉత్త సబ్బుతోనే ఉతకండమ్మా" అన్నాడు.

కొత్త చొక్కా పాతదానికన్నా బిరుసు. తొడుక్కుంటుంటే కాలరు కందిపోయిన పాత మచ్చల మీద గీసుకుంది. తమ్ముడు పళ్ళు బిగబట్టాడు. ఆమెకు ప్రాణం ఉసూరుమంది. తన మెడకు చుట్టుకున్న నూలు గుడ్డ గబగబా విప్పింది. "కాలరు కింద ఇది పెట్టుకో. మెత్తగా..."

చెయ్యి మధ్యలోనే ఆగింది. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"వద్దు. ఇదీ ఆ నీళ్ళలోదే." వెనక్కి లాక్కుని గుప్పిట్లో కుక్కేసుకుంది.

"పోన్లే అక్కా. మెడే కదా." తమ్ముడు ముసుగు దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇంకేం భయం లేదుగా, మీరు కొట్టుకెళ్ళండమ్మా" అన్నాడు ముసలాయన.

"వాడు బయటికొచ్చాక" అంటూ ఆమె గేటు పక్కనున్న గట్టు మీద కూలబడింది.