మందార ఓడను ఒడ్డుకు తిప్పిందెవరు?

పొద్దున్న పప్పు పొయ్యి మీద పెట్టి ఫోన్ తెరిచేసరికి, నా నవల చివరి భాగంలో మందార ఓడ దిగొచ్చి మొగుడి కాళ్ళ మీద పడి ఏడుస్తోంది.

నేను రాయలేదది.

నా మందార డచ్చివాళ్ళ కాలం నాటి భీమునిపట్నం పిల్ల. మొగుడింట్లో చాకిరీ చేసి చేసి, ఒక రాత్రి సముద్రపు దొంగల ఓడెక్కేసింది. ఆ నాయకుడితో ప్రేమలో పడింది. ఈ కథని భాగాలు భాగాలుగా ఫోన్లో కథల యాప్‌కి రాస్తున్నాను. రాయడమంటే కూర్చుని కాదు. ఫోన్ గూట్లో పెట్టి, అంట్లు తోముతూ మాటలు చెబుతాను, అది అక్షరాలు వేసుకుంటుంది. "గోడతో మాటలేటే, పిచ్చెక్కిందా?" అంటుంది మా అత్త అసిరమ్మ. "సముద్రాన్ని రెండుసార్లు సూసినావు, అప్పుడే ఓడలు నడిపేత్తన్నావా?" అంటాడు ఆమె కొడుకు, నా మేనబావ, నా మొగుడు కొండబాబు, నలుగురి ముందూ నవ్వుతూ. నవ్వనీ అనుకున్నాను. నేను వండింది తింటారు, ఉతికింది కట్టుకుంటారు, ఈ ఇంట్లో నాదంటూ మిగిలింది ఆ ఓడొక్కటే. నిన్ననే చివరి భాగం పెట్టాను. అందులో నాయకుడు చుక్కాని మందార చేతికిస్తాడు, ఓడ లోతు నీళ్ళలోకి సాగిపోతుంది. ఇప్పుడది లేదు. దాని మీదే కొత్తది ఎక్కించేశారు. నోటితో చెప్పిన మాటలు, ఇంకెక్కడా దాచుకోలేదు. ఎంత తవ్వుకున్నా ఒక్క వాక్యం తిరిగి రావడం లేదు. కింద పాఠకులేమో 'ఆడదంటే ఇలా ఉండాలి' అని దండాలు పెడుతున్నారు. ఎవరో నా గొంతు నొక్కి, ఆ గొంతుతోనే మాట్లాడుతున్నట్టుంది.

ఎవరు? అత్తకి చదువు రాదు. జడ వేసుకుంటున్న నా కూతురు అశ్వినిని నిలదీశాను.

"నేనెందుకు మారుస్తానమ్మా? నీ కథ నేను సదవను. ఆ ముద్దులూ అవీ... సిగ్గేస్తాది."

ఆ మాటకి తర్వాత ఏడుద్దామనుకుని, భాగం మళ్ళీ చదివాను. దొంగ ఎక్కడో ఒకచోట కాలు జారక మానడు. జారాడు. తుఫానులో సముద్రం నురుగు కక్కుతుంటే మందార ఆముదం చుక్కలు చిలకరిస్తుందట, నురుగు అణిగిపోతుందట! ఇలా ఆలోచించే మనిషి ఈ ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. బెల్లం వండేటప్పుడు పెనంలో చెరకురసం పొంగితే ఆముదం చిలకరించి నురుగు అణిచే మా బావ. నేను అంకెలు నొక్కి తెరిచే నా ఫోన్‌ని వేలితో తెరిచేదీ అతనొక్కడే. అంట్లు తోమి తోమి అరిగిన నా వేళ్ళకి ముద్ర పడలేదని, కొన్నరోజే తన బొటనవేలు పెట్టించాడు.

క్యారేజీ పట్టుకుని చెరకు తోటకి నడిచాను. అతను పెనం ముందు నిలబడి రసం కలుపుతున్నాడు.

"సముద్రంలో ఆముదం ఎందుకు పోసేవు బావా?"

చెరకు పిప్పి మంటలోకి తోస్తున్న పనివాడు దాసు పకపకా నవ్వాడు. "ఏటి వదినా, సముద్రానికి జుట్టుందేటి?"

బావ నవ్వలేదు. దాసుని బండి దగ్గరికి పొమ్మన్నాడు.

"అదొక్కటే నాది" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "అదీ లాగేసుకుంటే నేనింక ఎక్కడికి పోవాలి?"

పాకం మాడుతున్న వాసన వస్తోంది. పెనం వైపు అతను చూడనేలేదు.

"నానే మార్సేను. నిన్న నువ్వు కుళాయి కాడికెల్లినప్పుడు. నవ్వుతాను గాబట్టి సదవననుకున్నావు. మొదట్నుంచీ అంతా సదివేను. మందార మొగుడు మంచినీళ్ళ సెంబు కాలితో తన్నేత్తాడు సూడు, అది నానే. మన పెళ్ళయిన ఏడాది నాను తన్నిందే. ఆడు ఎక్కడ మారతాడో, ఎక్కడ సత్తాడోనని ఎదురుసూసేను. నువ్వు ఆడ్ని మార్సలేదు, సంపనూ లేదు. ఆఖర్న ఆడి పేరైనా రాయకుండా ఎల్లిపోనావు రూపా. నాకు భయమేసింది. నిన్ను ఉండమని అడగడం నాకు సేతకాదు. అందుకే దాన్ని ఈడ్సుకొచ్చి నా కాళ్ళ మీద పడేసేను."