చచ్చిన చెరువులో పాలబొంతలు

అంగలకుదురు పాండురంగారావుకు నోరు జారడం కొత్త కాదు. కాపురం తెనాల్లోనే అయినా, రేపల్లె అవతల, సముద్రానికి దగ్గర్లో ఆయనకు నాలుగెకరాల చెరువుంది. రెండుసార్లు రొయ్య వేశాడు, రెండుసార్లూ పోయింది. ఎండాకాలం వస్తే నీళ్లు తగ్గిపోయి గట్టు పొడవునా ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. మీటరు పెట్టి చూస్తే సముద్రానికి రెట్టింపు ఉప్పని తేలింది.

"ఇది చచ్చిన చెరువు. ఇందులో ఏదైనా ప్రాణి బతికిన రోజున మళ్లీ తీసుకుంటా. అప్పటిదాకా నువ్వే వాడుకో," అని పక్క పల్లెలో ఉండే పోలమ్మతో నలుగురి ముందూ అనేసి వెళ్లిపోయాడు.

పోలమ్మ పుట్టింది పడవల మధ్య. ఎంత ఉప్పునీళ్లలోనైనా పాలబొంత చేప బతుకుతుందని ఆమెకు చిన్నప్పుడే తెలుసు. కాలవలోకి సముద్రం పోటెత్తినప్పుడు చేపపిల్లల్ని వలతో పట్టి తెచ్చి వదిలింది. తవుడు చల్లే ముందు చప్పట్లు కొట్టి వాటికి పిలుపు అలవాటు చేసింది. అడిగినవాళ్లకు ఉప్పు గీక్కుంటున్నానని చెప్పింది. మొగుడు పోయాక ఆమె తిండీ బట్టా ఆ చెరువే. చేపలున్నాయని తెలిస్తే చెరువు పోతుంది. అబద్ధమాడటం తప్పే గానీ, నన్నడిగితే అది ఆయన నోరు నేర్పిన అబద్ధం.

మూడో ఏడు వేసవిలో బాపట్లలో పెళ్లికి వెళ్లొస్తూ, పాండురంగారావు చెప్పాపెట్టకుండా కారు ఇటు తిప్పించాడు. వెంట భార్య తులసి.

"ఏమైనా బతికాయా పోలమ్మా?"

"ఎక్కడండీ బాబుగారూ! కప్ప కూడా ఈ గట్టెక్కదండి."

ఆయన తృప్తిగా తలాడించాడు. తన మాట నిజమైతే చాలు, ఆయనకు నష్టం కూడా తియ్యగానే ఉంటుంది. ఇక వెళదామని, దూరంగా నీడలో ఉన్న డ్రైవరును పిలవడానికి చేతులెత్తి గట్టిగా చప్పట్లు కొట్టాడు. అంతే, నీళ్లు కుతకుతలాడాయి. మూరెడేసి చేపలు వందల కొద్దీ గట్టు దగ్గరికొచ్చి నోళ్లు తెరిచాయి.

"ఏంటిది?"

"చేపలండి," అంది. ఇంకేమంటుంది పాపం!

"అది నాకూ కనబడుతోంది. వచ్చే నెల నుంచి చెరువు నేనే చేసుకుంటా. మాటంటే మాటే."

పోలమ్మ కళ్లు తుడుచుకుంది. "మీ చెరువు, మీ ఇష్టమండి. ఇంత దూరం వచ్చారు, రుచైనా చూసెళ్లండి."

పాలబొంతకు ఒళ్లంతా వెంట్రుకల్లాంటి ముళ్లు. వండటం తెలిసినవాళ్లు రెండు వైపులా కత్తితో దగ్గర దగ్గరగా గాట్లు పెట్టి, ముళ్లు తెగాకే చింతపండు పులుసులో వేస్తారు. గట్టు మీది పాకలో పోలమ్మ తనకూ తులసికీ అలాగే వండింది. పెద్దాయనకు మాత్రం మర్యాదగా పెద్ద పెద్ద ముక్కలు, ఒక్క గాటు కూడా లేకుండా వేరే దాకలో ఉడికించింది.

మొదటి ముద్దకు ఆయన "భేష్" అన్నాడు. రెండో ముద్దకు మాట ఆగింది. మూడో ముద్దకు కళ్లవెంట నీళ్లు కారాయి.

"ఉత్తన్నం ముద్ద చేసి మింగండి బాబుగారూ, దిగిపోద్ది," అని పోలమ్మ ఎంతో కంగారుగా అన్నం వడ్డించింది.

నాలుగు ముద్దలూ రెండు అరటిపళ్లూ మింగాక ఆయన గొంతు పెగిలింది. "ఇది చేపా, సూదుల పొట్లమా? తెనాల్లో దీన్నెవడు కొంటాడు? కొన్నవాడు నా ఇంటి మీదికి రాడూ?"

"మేం అలవాటైనవాళ్లం గనక తింటామండి."

"అయితే మీరే తినండి! ఈ చెరువు నాకొద్దు. నేను బతికున్నంతకాలం నువ్వే చేసుకో," అని, కారు చూసి మూగిన పల్లెవాళ్లందరూ వినేలా అరిచి వెళ్లి కారెక్కాడు.

పోలమ్మ కారు వైపు వంగి దణ్ణం పెట్టింది. తులసి చెయ్యి కడుక్కుంటూ వెనకబడింది. ముందు ఆ దాక చూసింది, తర్వాత ఈ దాక చూసింది.

"నెలకు రెండు చేపలు మా ఇంటికి పంపు పోలమ్మా, గాట్లు పెట్టి," అంది మెల్లగా. "గాట్లు మర్చిపోయావంటే మాత్రం, ఇవాళెందుకు మర్చిపోయావో ఆయనకు నేను చెప్పాల్సొస్తుంది."