తెల్ల మచ్చల లైబ్రరీ

భవనాల ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో అందరూ ఆయన్ను బ్లేడు బాబాయ్ అనేవారు. ట్రేసింగు కాగితం మీద ఇంకుతో గీసిన గోడ తప్పయితే, సగానికి విరిచిన బ్లేడుతో దాన్ని గీకి, గోటితో నున్నగా రుద్ది, అక్కడ గోడే పుట్టలేదన్నట్టు చెయ్యడంలో ఆయనకు ఎవరూ సాటి లేరు. చిన్నప్పుడే బడి మానేసి, ఆ చేతిపని మీదే ఇల్లు నడుపుకొచ్చిన మనిషి. ఇప్పుడు బ్లేడుతో ఎవరికీ పని లేదు. ఆయన డ్రాయింగు బల్ల మీద కుర్రకారు టీ గ్లాసులు పెట్టుకుంటున్నారు. కాలం మారిందంటారు గానీ, కాలానికేం, అది మారుతూనే ఉంటుంది, నలిగేది మనిషే.

ఆఫీసు నడిపే ఆర్కిటెక్టును అందరూ మేడం అంటారు. ఒకరోజు ఆమె ఆయన్ను పిలిచి, డొంకతిరుగుడు లేకుండా చెప్పింది.

"బాబాయ్ గారూ, ఇకమీదట మన దగ్గర అన్నీ కంప్యూటర్లో మోడల్ కట్టడమే. బడివాళ్ళ లైబ్రరీ చిన్నదే, అది మీరు చెయ్యండి. సోమవారం వాళ్ళొస్తారు. కుదిరిందా, మీ కుర్చీ మీకే. కుదరకపోతే... పాత కాగితాల గదికి ఎలాగూ ఒక మనిషి కావాలి."

పాత కాగితాల గదికి కిటికీ లేదు. అందులోకి వెళ్ళిన కాగితం, మనిషి ఒకేలా పసుపెక్కుతారని ఆఫీసులో అందరికీ తెలుసు.

నేర్పే పని మరదలి మీద పడింది. భార్యకు చెల్లెలు, ఆ ఆఫీసులో మోడల్ పనంతా చూసేది ఆమే. ఒకప్పుడు ఆ పిల్లకు స్కేలు కదలకుండా పట్టుకోవడం నేర్పింది ఈ బావే. ఇప్పుడు ఆమె పక్కన కూర్చుని ఓనమాలు దిద్దాలంటే బాబాయ్‌కి పుండు మీద కారం చల్లినట్టుంది.

"బావా, మీరు గోడ గీస్తున్నారు. గీయకూడదు," అంది మొదటిరోజే.

"గీయక? ఊదమంటావా?"

"కట్టాలి. ఈ గోడ గుర్తు నొక్కితే గోడే వస్తుంది. దాని ఎత్తు, మందం అన్నీ దానికి తెలుసు. మీరు పెట్టిన రెండు గీతలకి ఏం తెలుసు పాపం?"

"నా గీతల మీద ఎన్ని ఇళ్ళు లేచాయో తెలుసుటే నీకు?"

"లేచాయి. అర్థం చేసుకునే మేస్త్రి దొరికాడు కాబట్టి లేచాయి. ఇది మేస్త్రి కాదు బావా, చెప్పింది చెప్పినట్టు చేసే మొద్దు. ముందు మట్టాలు పెట్టండి. నేల ఎంత ఎత్తులో, శ్లాబు ఎంత ఎత్తులో, పైకప్పు ఎంత ఎత్తులో. తర్వాత పిల్లర్ల వరసలు. ఆ తర్వాతే గోడలు. గోడని కిందా పైనా మట్టాలకి కట్టేస్తే, మట్టం జరిగినప్పుడు గోడా జరుగుతుంది. మధ్యమధ్యలో మోడల్ని తిప్పి చూసుకోండి. ప్లానొక్కటే చూసి మురిసిపోకండి."

ఆయన తలూపాడు. తల ఊపడానికి ఖర్చేముంది? ఆమె అటు తిరగ్గానే తన పాత దారే పట్టాడు. గోడ, కిటికీ గుర్తులే నొక్కాడు గానీ, కింది అంతస్తు ఒక బొమ్మ, పై అంతస్తు ఒక బొమ్మ, ముందు వైపు ఇంకో బొమ్మ, దేని దారి దానిదే. ముందు వైపు బొమ్మలో కిటికీలు వంకరగా పడ్డాయి. సరిచెయ్యడం ఎలాగో తెలియలేదు. అడగడానికి మనసు ఒప్పలేదు. వెతగ్గా వెతగ్గా, తెల్లరంగు నింపిన ముక్కను బొమ్మ మీద పెట్టే మీట ఒకటి దొరికింది. అది నొక్కి ఒక ముక్క తెచ్చి కిటికీ మీద పెట్టాడు. కిటికీ మాయం! దానిమీద గీతలతో కొత్త కిటికీ గీశాడు.

"ఓరి నీ! బ్లేడు కంటే నయమే, పొట్టు కూడా రాలదు," అనుకున్నాడు. ఆ తర్వాత ఎక్కడ తప్పొస్తే అక్కడ ఒక తెల్ల ముక్క.

శుక్రవారానికి ప్రింటు తీశాడు. ముత్యాల్లాంటి గీతలు. రొమ్ము విరుచుకుని మరదలి ముందు పరిచాడు.

"చక్కగా ఉంది బావా," అంటూ ఆమె ఫైలు తెరిచి, మోడల్ని ఒక్క తిప్పు తిప్పింది.

పై అంతస్తు కింది గోడల మీద కాకుండా పక్కకు జరిగి గాల్లో నిలబడింది. మెట్లు శ్లాబులోకి దూరిపోయాయి. పైనున్న తలుపు తీస్తే ఆకాశమే. మాయమయ్యాయనుకున్న కిటికీలన్నీ ఎక్కడివక్కడే వంకరగా చూస్తున్నాయి.

"నేల విడిచి సాము చేస్తోంది మీ లైబ్రరీ," అంది మరదలు.

పక్క సీటతను తొంగిచూసి, "ఆ మెట్లెక్కితే పుస్తకం మాటేమో గానీ నెత్తిన బొప్పి గ్యారంటీ బాబాయ్!" అన్నాడు.

బాబాయ్ మొహం కందగడ్డయింది. "కాగితం మీద తప్పు కనపడుతోందా? లేదుగా! ఇంకేంటి మీ గోల?"

"కాగితం ఒకడు చూస్తాడు. మోడల్ చూసి ఇంకొకడు కిటికీలకి ఆర్డరిస్తాడు. మీరు కప్పెట్టినవి కూడా కలిపి చేయించుకొస్తాడు. ఎక్కడ పెడతారు బావా, మా అక్క నెత్తినా?"

పక్క సీటతను టీకి వెళ్ళేదాకా ఆగి, బాబాయ్ గొంతు తగ్గించాడు. "నువ్వు కూర్చుంటే ఇట్టే అయిపోతుంది కదే. మీ అక్క మొహం చూసైనా..."

"అవుతుంది. సోమవారం వాళ్ళు ఏదో ఒకటి మార్చమంటే అప్పుడేం చేస్తారు? అక్క మొహం చూసే చెప్తున్నా. మీరు ఆ కాగితాల గదిలో పడితే, ఆ చిరాకంతా ఇంటికెళ్ళి దాని మీదే కక్కుతారు. రేపు పక్కన కూర్చుంటాను. మౌసు మాత్రం ముట్టను."

శనివారం ఆయన మొట్టమొదట చేసిన పని ఆ ఫైలు తుడిచెయ్యబోవడం.

"ఆగండాగండి! వేరే పేరు పెట్టి దాచండి. కోపంలో తుడిచిందే రేపు కావాలనిపిస్తుంది."

దాచాడు. కొత్త ఫైలు తెరిచి మట్టాలు పెట్టాడు. పిల్లర్లు నిలబెట్టాడు, శ్లాబు వేశాడు, దాని కింద గోడలు లేపాడు. ఈ వరస ఆయనకు తెలియనిదేం కాదు. ఎండలో గొడుగు పట్టుకుని సైటులో చూసిన వరసే. కాగితం మీద మాత్రం ఏ గోడ ముందు గీసినా అడిగినవాడు లేడు. కిటికీ ఒక్కటే చేసి అదే అన్నిచోట్లా పెట్టాడు. దాన్ని కాస్త వెడల్పు చేస్తే అన్నీ ఒక్కసారిగా వెడల్పయ్యాయి. బాబాయ్ ఉలిక్కిపడి కుర్చీ వెనక్కి జరిపాడు.

"కరవదు బావా," అంది మరదలు.

మెట్ల దగ్గర భవనాన్ని నిలువునా కోసినట్టు చూడమని ఆమె అంటే, అదీ చూశాడు. ఎక్కేవాళ్ళ తల శ్లాబుకి తగలడం లేదు. బిడ్డకు జ్వరం తగ్గిందో లేదో చూసే తల్లిలా గడియకోసారి మోడల్ తిప్పి చూసుకుంటూనే ఉన్నాడు. సాయంత్రానికి లైబ్రరీ నేలమీద కాళ్ళానించి నిలబడింది.

సోమవారం బడి హెడ్‌మిస్ట్రెస్, లైబ్రేరియన్ వచ్చారు. గోడ మీది పెద్ద తెర మీద మోడల్ చూసి బాగుందన్నారు. అయిపోయిందనుకునేలోపు లైబ్రేరియన్ గొంతు సవరించుకుంది.

"వానొస్తే ఆవరణలో నీళ్ళు నిలుస్తాయండీ. నేల ఇంకో జానెడు పైకి లేపితే పుస్తకాలు బతుకుతాయి."

మేడం బాబాయ్ వైపు చూసింది. ఆయన మరదలి వైపు చూశాడు. మరదలు చేతులు కట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది.

బాబాయ్ మౌసు దగ్గరికి లాక్కుని, నేల మట్టం దగ్గర పాత అంకె తీసి కొత్త అంకె కొట్టాడు. పై మట్టాలకూ అలాగే. గోడలు, కిటికీలు, మెట్లు, కప్పు, లైబ్రరీ లైబ్రరీ అంతా నిద్రలేచినట్టు పైకి లేచింది. హమ్మయ్య అనుకోబోతూ గుమ్మం వైపు చూశాడు. చక్రాల కుర్చీ కోసం పెట్టిన ఏటవాలు ర్యాంపు కిందే ఉండిపోయింది. దానికీ గుమ్మానికీ మధ్య జానెడు ఖాళీ.

ఇంకా ఎవరూ గమనించలేదు. చెయ్యి దానంతటదే తెల్ల ముక్క మీట మీదికి పోయింది. బాణం గుర్తు అక్కడ కాసేపు ఆగింది. తర్వాత ఆయనే దాన్ని లాక్కొచ్చి ఆ ఖాళీ పక్కన పెట్టాడు.

"ఇక్కడ ర్యాంపు అందడం లేదండీ," అన్నాడు. "దీన్ని మట్టానికి కట్టడం మర్చిపోయాను. ఎత్తు పెరిగింది కాబట్టి పొడవూ పెరగాలి, లేకపోతే వాలు ఎక్కువై చక్రాల కుర్చీ ఎక్కదు. తిన్నగా పెడితే గేటుకి తగులుతుంది. పక్కకి తిప్పాలి. సాయంత్రానికి చేసి చూపిస్తాను."

హెడ్‌మిస్ట్రెస్ ముందుకు వంగింది. "తిప్పితే ఆటస్థలం వైపు వస్తుందా? అటైతే మా పిల్లలకి ఇంకా సులువు."

"చూడండి," అంటూ మోడల్ని అటు తిప్పాడు. అక్కణ్ణుంచి ఆ ర్యాంపు చుట్టూనే మాటలు. ఎవరూ ఆయన వంక చూడ్డం లేదు, అందరూ లైబ్రరీనే చూస్తున్నారు.

వాళ్ళు వెళ్ళాక మేడం లేస్తూ అంది: "ర్యాంపు అయ్యాక వాళ్ళ భోజనాల హాలు కూడా మీరే మొదలుపెట్టండి బాబాయ్ గారూ. కాగితాల గదికి ఇంకెవరినైనా చూసుకుంటాను."

"అలాగేనమ్మా," అన్నాడాయన.

మరదలు పక్కగా వచ్చింది. "బావా, హాలు మొదలెట్టేముందు మట్టాలు..."

"తెలుసులేవే! చెవిలో ఇల్లు కట్టుకుని మరీ పోరావుగా." ఆమె నవ్వుతూ వెళ్ళబోయింది. బాబాయ్ పక్క కుర్చీని కాలితో తన వైపు లాగాడు. "పోకు. ర్యాంపు మలుపు దగ్గర ఈ రెయిలింగు తిరగనంటోంది. ఎలాగో చెప్పి పో."