మెడ దగ్గర ఆగే పిట్ట

వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె వదినే. నిజంగా అలా పిలిచే హక్కున్నది మాత్రం ఒక్క ఆడపడుచుకే. ఇప్పుడు ఆ ఆడపడుచు మీదే అనుమానం పడి వదినకి ముద్ద దిగడం లేదు.

వదిన మిషన్ ఎంబ్రాయిడరీకి కంప్యూటర్లో డిజైన్లు గీస్తుంది. ఆ ఫైలు ఎలా చెబితే మిషన్ అలా కుడుతుంది. కుట్టు కుట్టూ పేర్చి గీసిన పిట్టని కొంటానన్న కర్టెన్ల కొట్టాయన, ఇంచుమించు అలాంటిదే ఎవరో కుట్టిన దిండు గలీబు మీద చూశానని వెనక్కి తగ్గాడు. పిట్ట మీ ఒక్కరిదే అని తేలితేనే బేరమన్నాడు. ఆ గలీబు కుట్టింది ఆడపడుచు. సొంత మిషన్ కొనకముందు వదిన కంప్యూటర్ మీదే పని నేర్చుకుంది.

భర్త తోబుట్టువు వైపే మాట్లాడాడు. చూసి గీసి ఉంటుంది, దాని కళ్ళకి గంతలు కడతావా అన్నాడు. తెలిసిన లాయరమ్మ మాత్రం, పిట్ట ఎవరి సొత్తూ కాదు గానీ మీరు గీసిన పిట్టనే ఎత్తుకుంటే, రంగులు మార్చినా అది కాపీయే అంది. ఎత్తుకుందని చూపించేదెలా?

ఊరికే వచ్చినట్టు వదిన ఒక మధ్యాహ్నం ఆడపడుచు ఇంటికి వెళ్ళింది. పిట్టనే కుడుతున్నా చూడమని ఆడపడుచు కుర్చీ లాగింది. దీనికి తలమీద కుచ్చు లేదు, రెక్క నీలం కాదు, ఆకుపచ్చ. తనే గీసిందట, నడుం విరిగిందట. దాచుకునే మనిషయితే ఇలా పిలిచి చూపిస్తుందా అనుకుంటూ వదిన టీ గ్లాసు అందుకుంది. కళ్ళు మాత్రం సూది మీదే ఉన్నాయి.

మెడ దగ్గర మిషన్ ఆగింది. దారం తెగలేదు. రంగు మారే చోటూ కాదు. ఆడపడుచు అలవాటుగా కత్తెర తీసి, తెంపడానికేమీ లేక, మళ్ళీ మీట నొక్కింది.

"ఎందుకాగింది?"

"ఏమో వదినా. వేరేవన్నీ బుద్ధిగా కుడుతుంది. ఈ పిట్ట మెడ దగ్గరే మొరాయిస్తుంది. కంపెనీవాళ్ళని పిలవాలి."

వదిన గ్లాసు కింద పెట్టింది. తన పాత మిషన్‌కి ఆ మలుపులో దారం ఉండకట్టే జబ్బుంది. అక్కడ ఆగితే చేత్తో తెంపుకోవచ్చని, ఆగమని ఫైల్లో తనే పెట్టుకుంది. బట్టని ఎంత చూసినా అది కనపడదు, ఫైలు ఎత్తుకుంటేనే వెంట వస్తుంది.

"పిలవకు. ఆ రోగం నీ మిషన్‌ది కాదు, నా మిషన్‌ది. రేపు కొట్టాయన దగ్గరికి వచ్చి ఆ మాట నువ్వే చెప్పు."

"కుచ్చు తీసేశాగా వదినా," అని నసిగింది ఆడపడుచు.

సూది తన పాటికి తాను పిట్టకి ముక్కు కుడుతోంది.