ఉప్పు చూసే మనిషి

పన్నెండో నంబరు టేబుల్ ప్లేట్లు వచ్చేసరికి ద్వారకానాథ్ రెండోసారి గ్లవ్స్ మార్చుకున్నాడు. ప్లేటు అంచుకు ఎండి అంటుకుపోయిన గుడ్డుసొనను ప్లాస్టిక్ గరిటెతో గీకి చెత్తడబ్బాలో వేశాడు. నీళ్ల పైపుతో ఒకసారి కొట్టి, ప్లేట్లను రాక్‌లో నిలబెట్టి, రాక్‌ను మెషిన్‌లోకి తోశాడు. మూత దించగానే లోపల నీళ్లు విరుచుకుపడ్డాయి. ఇక తొంభై సెకన్లు ఖాళీ. ఆ తొంభై సెకన్లలో జేబులోంచి మడిచిన కాగితం తీసి మళ్లీ చదివాడు. నూనె, సాసేజి, కోడి, ఉల్లి, సెలరీ, కాప్సికం, టమాటా, బియ్యం, ఎముకలు మరిగించి వడకట్టిన స్టాక్. అన్నిటి పక్కనా గ్రాముల్లో లెక్క ఉంది. ఉప్పు పక్కన మాత్రం రుచి చూసి తగినంత అని ఉంది. అదే అతని ప్రాణం మీదికి వచ్చింది.

ముప్ఫై నాలుగేళ్ల మనిషి. సన్నగా, పొడుగ్గా, నడుము దగ్గర కొద్దిగా వంగి ఉంటాడు. ఇరవయ్యేళ్లు గుండిగల మీదికి వంగి బతికినవాడు మరెలా ఉంటాడు? మణికట్ల నుంచి మోచేతుల దాకా నూనె చిట్లిన మచ్చలు. నల్ల టీషర్టు లోపల జంధ్యం. మెల్‌బోర్న్‌లోని ఈ కఫేలో ఆ మచ్చల సంగతి ఎవరూ అడగలేదు. ఇక్కడ అతని పేరు ద్వార్క్, పని అంట్లు తోమడం. పొన్నూరులో పెళ్లి పందిళ్ల వెనక అంట్లు తోమేవాళ్లకు తను నిలబడి ఎన్నిసార్లు పనులు పురమాయించాడో గుర్తొస్తే నవ్వొస్తుంది. చేసే పనికి సిగ్గేమిటి?

వాళ్ల నాన్న పాండురంగశర్మ పొన్నూరు చుట్టుపక్కల నలభై ఊళ్లలో పెళ్లిళ్లకు వండిన మనిషి. కొడుక్కి పదకొండో ఏట కొబ్బరి కోరాము చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. శర్మగారి వంటశాలలో ఒకటే చట్టం. వంటవాడు రుచి చూడకూడదు. దేవుడికి నైవేద్యం పెట్టకముందు, పెళ్లివారు విస్తళ్ల ముందు కూర్చోకముందు నాలుక తగిలిందా, అది ఎంగిలి. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుందని ఎవరైనా అడిగితే, ఆవిరి చెబుతుంది అనేవాడు. మూత తీసి, మొహం వంచి, కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చి, "ఇంకో గుప్పెడు వెయ్యి" అనేవాడు. ఎనిమిది వందల మంది తినే సాంబారులో ఆ గుప్పెడు ఏనాడూ తప్పలేదు. కొడుక్కి ఆయన ఇచ్చిన ఆస్తి ఆ ముక్కు ఒక్కటే.

తరవాత శర్మగారు పోయారు. బఫేలు వచ్చాయి, కేటరింగు కంపెనీలు వచ్చాయి, జట్టులో వాళ్లు తలో దిక్కూ అయ్యారు. వందల పెళ్లిళ్లకు పప్పు వండినవాడికి తన పెళ్లి మాత్రం కుదరలేదు. గరిటె పట్టేవాడికి పిల్లనివ్వం అన్నారు. ఆస్ట్రేలియాలో వంట డిప్లొమా చదివితే అక్కడే స్థిరపడవచ్చని గుంటూరు ఏజెంటు చెప్పినప్పుడు, వంటే కదా, ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్నదేగా అనుకుని వచ్చేశాడు. మొదటి వారం పాఠం కోడికి ఎముకలు తీయడం.

తీశాడు. వెళ్లి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి మళ్లీ తీశాడు. ముట్టుకోవడం వేరు, నోట్లో పెట్టుకోవడం వేరు అని తనకు తనే ఒక గీత గీసుకున్నాడు. ఆ గీత దాటకుండా ఏడాదిన్నర నెట్టుకొచ్చాడంటే అది మెల్విన్ పుణ్యమే.

ఊరి శివారు ట్రుగనీనాలో నలుగురు కలిసి అద్దెకుంటున్న ఇంట్లో మెల్విన్‌ది పక్కగది. నరసాపురం మనిషి, పాతికేళ్లవాడు. పగలు గోడౌన్‌లో పెట్టెలు మోసి సాయంత్రాలు అకౌంటింగు చదివేవాడు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళతాడు, ఏది పెట్టినా తింటాడు. కాలేజీలో పరీక్ష పెట్టే ప్రతి వంటనూ ద్వారకానాథ్ ముందురోజు ఇంట్లో వండేవాడు. మెల్విన్ ఉప్పు చూసేవాడు. ఇంకో అర చెంచా పడుద్దన్నా అని అతనంటే, ద్వారకానాథ్ వేసి, ఆ కొలత కాగితం మీద రాసుకుని, మర్నాడు టీచరు ముందు సరిగ్గా అంతే వేసేవాడు. రుచి చూడమన్నప్పుడు చెంచా పెదవుల దాకా తీసుకెళ్లి పక్కన పెట్టేసేవాడు. చేప, గొర్రె, పంది, అన్నీ అలాగే గట్టెక్కాయి.

ఈ ఒక్కటే గట్టెక్కలేదు. అమెరికాలో క్రియోల్ వాళ్ల వంట, పేరు జంబలాయా. అన్నం, పొగబెట్టిన పంది సాసేజి, కోడి, అన్నీ ఒకే గిన్నెలో. కాలేజీలో ఒకరోజు ఒక రకం సాసేజి ఉంటుంది. స్టాకు ఒకరోజు ఉప్పగా, ఒకరోజు చప్పగా ఉంటుంది. ఇంట్లో రాసుకున్న కొలత అక్కడ పనిచెయ్యలేదు. మొదటిసారి ఉప్పుకషాయం అయింది, రెండోసారి చప్పిడి అయింది. నాన్న ఇచ్చిన ముక్కుకు ఆ పంది పొగలో ఏమీ తెలియలేదు. రెండోసారి టీచరు షీనా మార్కుల కాగితం మీద ఒక గడి చూపించి మెత్తగానే చెప్పింది. నువ్వు రుచి చూడవని నాకు ఎప్పుడో తెలుసు, చూడనివాడికి ఈ గడిలో టిక్కు పెట్టలేను అంది. మూడోసారే ఆఖరిసారి. అది రేపు పదింటికి. వీసా మార్చి పదిహేనో తేదీ దాకా. రేపు తప్పితే డిప్లొమా లేదు, ఈ దేశంలో ఉండటమూ లేదు.

రెండింటికి ఏప్రన్ విప్పి, సూపర్‌మార్కెట్‌కు నడిచాడు. మాంసం కౌంటర్లో రెండు రకాల పొగ సాసేజీలు ఉన్నాయి. వీటిలో దేనికి ఉప్పు తక్కువ అని అడిగాడు. కౌంటరు అమ్మాయి ఆలోచించి, చిన్న ముక్క కోసి, పుల్లకు గుచ్చి, మీరే చూడండి అన్నట్టు అందించింది. ద్వారకానాథ్ చెయ్యి అడ్డం పెట్టి, "నో, నో, థాంక్యూ" అని రెండో రకం తూచమన్నాడు. తినని సరుకు ఉప్పు గురించి ఇంత ఆరా ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి మూడున్నర. ఆ వీధిలో ఇళ్లన్నీ కొత్తవి, అన్నీ ఒకే రంగువి, నీడకు ఒక్క చెట్టు లేదు. ఫిబ్రవరి ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. తలుపు తీయగానే హాల్లో మెల్విన్ సంచీ మీద మోకాలు పెట్టి జిప్పు లాగుతూ కనిపించాడు. అతని కాలేజీ మూతపడి నెలయింది. కొత్త కాలేజీలో సీటు దొరికేదాకా మిల్డ్యూరాలో ద్రాక్ష కోతకు వెళుతున్నాడు. ఆరింటికి వ్యాను.

"పొద్దున్నుంచీ ఏం తినలేదన్నా. నీకోసం ఆకలి దాచుకున్నాను," అన్నాడు మెల్విన్.

"అయిదున్నరకి నీ ప్లేటు రెడీ రా. ఇవాళ ఒక పని చెయ్యాలి. ముందు నేను వాసన చూసి ఉప్పు ఎంత పడాలో చెప్తాను. తరవాత నువ్వు నోట్లో వేసుకుని చెప్పు. రెండూ కలిశాయనుకో, రేపు ముక్కుతోనే ఉప్పు పట్టుకుని, షీనా ముందు చెంచా నోటికి ఆనించి గట్టెక్కుతాను."

"కలవకపోతే?"

ద్వారకానాథ్ ఉల్లిపాయలు తీశాడు. ముందు సాసేజిని చక్రాలుగా కోసి నూనెలో వేశాడు. కాసేపటికి అందులోంచి ఎర్రటి కొవ్వు దిగి గిన్నె అడుగంతా పరుచుకుంది. ముక్కలు తీసి పక్కన పెట్టి, కోడి వేసి రంగు రానిచ్చాడు. అతని కత్తి కింద ఉల్లిపాయ చప్పుడు లేకుండా విడిపోతుంది. ఆ వేగం చూసి కాలేజీలో ఇరవయ్యేళ్ల పిల్లలు చుట్టూ చేరతారు. కత్తి దగ్గర అతనికి ఎప్పుడూ పూర్తి మార్కులే.

మెల్విన్ సింకుకు ఆనుకుని నిలబడ్డాడు. "అన్నా, ఒకటి అడగనా? రేపు టెస్ట్‌లో నేను ఉండను కదా. ఒక్క స్పూన్ నోట్లో వేసుకుంటే ఏమవుద్ది? దేవుడేమన్నా ఈ కిచెన్‌లో కెమెరా పెట్టాడా?"

"దేవుడి గొడవ కాదురా."

"మరి?"

"మా నాన్న ఒక్కనాడూ చూడలేదు. ఇవాళ నేను చూశానంటే, ఆయన నేర్పింది నాకు రాలేదని ఒప్పుకున్నట్టే కదా."

మెల్విన్ సెలరీ కాడలు కడిగి అందించాడు. "నీకు రాకపోవడమేంటి. మీ నాన్నగారు పోర్క్ వండలేదు కదన్నా," అన్నాడు.

ద్వారకానాథ్ ఉల్లి, సెలరీ, కాప్సికం గిన్నెలోకి తోశాడు. సెలరీ వాసన అతనికి ఎప్పుడూ మందుల షాపును గుర్తుచేస్తుంది. ఎర్రకారం, టమాటాలు, రెండు బిర్యానీ ఆకులు. ఆ గిన్నెలో అతనికి చుట్టరికం ఉన్నవి ఆ కారం, టమాటాలు, ఆకులే. సాసేజి మళ్లీ వేసి, బియ్యం పోసి, స్టాకు పోసి, మంట పెంచాడు. ఉడుకు పట్టాక పది నిమిషాలకు సాసేజిలోని ఉప్పు పులుసులోకి దిగుతుంది. అప్పుడు చూసి, తక్కువైతే వేసి, మూత పెట్టెయ్యాలి. మూత పెట్టాక ఇక కలపకూడదు.

బియ్యం పోసి రెండు నిమిషాలు కాలేదు, బయట హారన్ మోగింది. మెల్విన్ వెళ్లి మాట్లాడి వచ్చాడు. అతని మొహం మాడిపోయి ఉంది.

"రింగ్ రోడ్ మీద ట్రాఫిక్ అని ఇప్పుడే వచ్చేశాడన్నా. వ్యాన్‌లో అయిదుగురు ఉన్నారు. ఆగమంటే ఆగట్లేదు."

గోడ గడియారంలో అయిదు కావడానికి ఇరవై నిమిషాలుంది.

"పది నిమిషాలు ఆగలేడా?"

"అడిగానన్నా. కుదరదంట."

ఇద్దరూ గిన్నెలోకి చూశారు. ఇప్పుడు చూస్తే తెలిసేది నీళ్ల రుచే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. హారన్ మళ్లీ మోగింది. మెల్విన్ సంచీ భుజాన వేసుకున్నాడు.

"వెళ్లొస్తానన్నా. రేపు ఏమైందో మెసేజ్ పెట్టు."

"ఎండలో తలకి గుడ్డ కట్టుకో. నీళ్లు తాగుతూ ఉండు," అన్నాడు ద్వారకానాథ్. "ఏం తినకుండా పోతున్నావు కదరా."

"దారిలో తింటాలే."

స్టవ్ వదిలి గేటు దాకా వెళ్లడానికి లేదు. కిటికీలోంచి తెల్ల వ్యాను మలుపు తిరగడం చూశాడు. మెల్విన్ వెనక సీట్లోంచి చెయ్యి ఊపాడో లేదో ఎండ మెరుపులో కనబడలేదు. ఇన్నేళ్లలో తన వంటింట్లోంచి ఒక మనిషి ఆకలితో వెళ్లడం ఇదే మొదలు. అది అతనికి పరీక్ష కంటే ఎక్కువ బాధ పెట్టింది.

పది నిమిషాలు అయ్యాయి. బియ్యం పైకి తేలి కుతకుతమంటోంది. ద్వారకానాథ్ మొహం వంచి, కళ్లు మూసుకుని, గాలి పీల్చాడు. పొగ, కొవ్వు, టమాటా. ఇంకోసారి పీల్చాడు. అవే మూడు. ఉప్పు జాడ లేదు.

"ఇంకో అర చెంచా," అన్నాడు పైకి. అవునని గానీ కాదని గానీ అనేవాళ్లు లేరు. ఉప్పు డబ్బా పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. బియ్యం ఉడికిపోతోంది. ఇంకో నిమిషం ఆగితే వేసినా ఉప్పు పట్టదు.

గరిటె ముంచి రెండు చుక్కలు కుడి అరచేతిలో పోసుకున్నాడు. ఊదాడు. నాలుకతో అందుకున్నాడు.

ముందు వేడి తగిలింది, తరవాత కారం, ఆ తరవాత పులుపు. చివర్లో కొద్దిగా తీపి. ఆ తీపి ఉంటుందని మెల్విన్ ఎప్పుడూ చెప్పలేదు. ఉప్పు బాగా తక్కువ. అర చెంచా చాలదు, నిండు చెంచా పడాలి. వేసి, ఒకసారి కలిపి, ఇంకో రెండు చుక్కలు పోసుకున్నాడు. సరిపోయింది. మంట తగ్గించి మూత పెట్టాడు.

ఏడుపొస్తుందనుకోలేదు, వచ్చింది. నాన్న మాట తప్పినందుకు కాదని అతనికి తెలుస్తూనే ఉంది. వంట బాగా కుదిరింది. ఆ సంగతి అందరికంటే ముందు తనకు తెలిసింది. చెబుదామంటే ఇంట్లో ఎవరూ లేరు. భుజాన కండువాలా వేసుకున్న వంటింటి గుడ్డతో మొహం తుడుచుకుని, ఇరవై నిమిషాలకు అలారం పెట్టాడు.

సాయంత్రం మిగతా ఇద్దరూ పని నుంచి వచ్చి, నిలబడే గిన్నె ఖాళీ చేశారు. ద్వారకానాథ్ పెరుగన్నం తిన్నాడు.

మర్నాడు కాలేజీలో స్టాకు ఉప్పగా ఉంది. చెంచాతో ఒకసారి చూసి, ఇంకో చెంచాతో మళ్లీ చూసి, ఉప్పు అసలు వెయ్యకుండా మూత పెట్టేశాడు. షీనా తిని, తల పైకెత్తకుండానే గడిలో టిక్కు పెట్టి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. రైల్లో కూర్చుని మెల్విన్‌కు మెసేజ్ పెట్టాడు. పాసయ్యాను, ఉప్పు నేనే చూశాను. ద్రాక్షతోటల్లో ఫోను అందదేమో, ఇంటికి వచ్చేదాకా జవాబు రాలేదు.

మంచినీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళ్లాడు. స్టవ్ పక్కన, నూనె సీసా వెనక, నిన్న ఉప్పు చూడటానికని తను రాకముందే మెల్విన్ కడిగి బోర్లించుకున్న చిన్న సాసరు, దాని మీద చెంచా, నీటిచుక్క కూడా లేకుండా ఆరిపోయి ఉన్నాయి.