మార్చి పదిహేడు దాకా

ప్రమోద్ ఆదివారం చొక్కాకి ఇస్త్రీ చేస్తున్నాను. కాలర్ తిప్పి పెట్టె ఆనించేసరికి వెనకనుంచి అన్నాడు, "నీ కార్డు కూడా పాస్టరు గారికి ఇచ్చేశాను. రేపు నీకూ బహుమతి ఉంది."

ఆ కార్డు సంగతి చెప్పాలి. మా సంఘంలో ప్రతి జనవరిలో మనిషికొక అట్ట ఇస్తారు. ఏ రోజు బైబిల్లో ఏ అధ్యాయాలు చదవాలో గళ్ళల్లో ఉంటుంది, చదివిన రోజు టిక్కు పెట్టుకోవాలి. రెండువేల సంవత్సరం లీపు కాబట్టి మూడువందల అరవై ఆరు గళ్ళు. మొత్తం నింపినవాళ్ళకి కొత్త ఏడాది మొదటి ఆదివారం జిప్పున్న బైబిలు కవరు బహుమతి.

"నాది మార్చి పదిహేడు దగ్గరే ఆగిపోయిందిగా."

"నేను నింపేశాలే. సంఘం సెక్రటరీ భార్య కార్డు ఖాళీగా ఉంటే నలుగురూ ఏమనుకుంటారు? నీకు టైము లేదని నాకు తెలీదా ఏంటి?"

తెలుసన్నమాట. ఆ ఒక్క మాటకి నాకు ఒళ్ళు మండింది. టైము లేదని తెలిసిన మనిషి కాస్త టైము ఇవ్వచ్చు. ఈయన టిక్కులిచ్చాడు. ఇంట్లో గిన్నె కడగని చేత్తో నా భక్తి మాత్రం నా బదులు చేసిపెట్టాడు.

మార్చి పద్దెనిమిదిన మా అత్తగారు స్వరాజ్యం కాలు విరిగి గుడివాడ నుంచి మా మధురానగర్ ఇంటికి వచ్చింది. కాలు రెండు నెలల్లో బాగైంది, వేడినీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చే అలవాటు మాత్రం మిగిలింది. నేను నాలుగున్నరకి లేస్తాను. నీళ్ళు పట్టడం, కూరలు తరగడం, ఇద్దరి క్యారేజీలు. ఆరింటికి ప్రమోద్ కిటికీ పక్క కుర్చీలో బైబిలు తెరుస్తాడు, అత్తగారు మంచం మీద కళ్ళు మూసుకుని ప్రార్థనలో కూర్చుంటుంది. ఆ గంటలో ఇంట్లో మాట వినపడకూడదు, టీ మాత్రం రెండుసార్లు రావాలి. "టైము లేదనేది సాతాను మాట, సువార్తా" అంటుంది ఆవిడ, రెండో కప్పు అందుకుంటూ. శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటమైతే ఇరవైమందికి బజ్జీలు వేస్తూ వంటింట్లోనే ఉంటాను, నాకు ఆమెన్‌లు తప్ప ఏమీ వినపడవు. చదువుకునే రోజుల్లో హాస్టల్ మెట్లమీద, మొదటి గంట కొట్టకముందే కూర్చుని బైబిలు చదివేదాన్ని. అర్థంకాని చోట పెన్సిల్‌తో ప్రశ్నగుర్తు పెట్టి రోజంతా దాంతో పోట్లాడేదాన్ని. దేవుడికీ నాకూ ఉన్న స్నేహం అదే. ఇప్పుడా పెన్సిలు గ్యాసుబండ మార్చిన తేదీ రాసుకోవడానికి పనికొస్తోంది.

పైగా నా ఉద్యోగం గంటలు అమ్మడం. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పేచోట కౌంటర్లో కూర్చుంటాను. ఆరింటి బ్యాచ్, ఏడున్నర బ్యాచ్ అని రోజుని ముక్కలు చేసి పిల్లలకి పంచుతాను. బోరబండ నుంచి ఏడున్నర బ్యాచ్‌కి వచ్చే గజాలాని మొన్న ఫీజు కట్టేటప్పుడు అడిగాను, ఇంట్లో చదువుకోవడానికి టైము ఎలా దొరుకుతుందని. "ఇంట్ల చెప్పేసిన మేడం, ఆరు నుంచి ఏడు దాక నాకు పని చెప్పొద్దని. మొదట్ల మస్తు గులిగిండ్రు. ఇప్పుడు అలవాటు పడ్డరు." రసీదు చించి ఇచ్చానేగాని ఆ మాట నాతోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళ పిల్ల అడిగి తీసుకున్న గంట ముప్ఫై నాలుగేళ్ళదాన్ని నేనెందుకు అడగలేదు?

ఆదివారం పంజాగుట్టలో మా సంఘం మేడమీద హాలు నిండిపోయింది. ప్రమోద్ నేను ఇస్త్రీ చేసిన చొక్కాలో లేచి, కాలాన్ని దేవుడి కోసం ఎలా వాడుకోవాలో పది నిమిషాలు చక్కగా మాట్లాడాడు. తర్వాత పాస్టరు ఐలయ్య గారు బహుమతులు మొదలుపెట్టారు. "మన సువార్తమ్మ గూడ పోయినేడు బైబిలు మొత్తం చదివింది. చప్పట్లు కొట్టుండ్రి."

లేచి ముందున్న బల్ల దగ్గరికి వెళ్ళాను. కవరు తీసుకుని వచ్చేస్తే ఏ గొడవా ఉండదు. కానీ దేవుడి దగ్గర నా పేరున అబద్ధం ఉంటుంది, రేపు ఆ కవరు జిప్పు తీసి ఆయనతో ఏ మొహంతో మాట్లాడను?

"ఇది నాది కాదయ్యగారూ. నేను మార్చి పదిహేడు దాకే చదివాను. మిగతా టిక్కులు మా ఆయన పెట్టారు."

చప్పట్లు ఆగిపోయాయి. ప్రమోద్ తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు.

"మరి ఎందుకు ఆగినవమ్మా?" ఐలయ్య గారు మెల్లగా అడిగారు.

"పొద్దున్న మా ఇంట్లో ఇద్దరు దేవుడితో గడిపే గంటకి టీలు, టిఫిన్లు అందించేది నేనే. రేపటినుంచి ఆ గంట నేనూ తీసుకుంటాను. నా కార్డు నాకిచ్చెయ్యండి."

వెనక గ్లాసుల్లో టీ పోస్తున్న పాస్టరమ్మ రుద్రమ్మ గారు ఫ్లాస్కు పక్కన పెట్టేశారు. నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, కార్డుల కట్టలోంచి నాది వెతికి తీసి నా చేతిలో పెట్టారు. నా చెయ్యి కాసేపు వదల్లేదు.

ఆటోలో ప్రమోద్ అన్నాడు, "ఇంట్లో చెబితే సరిపోయేదిగా. పదిమందిలో నా పరువు తీశావు."

"పదిమందిలో నాకు చప్పట్లు కొట్టించబోయింది మీరేనండీ."

"వాడు నీ మంచికే చేశాడమ్మా" అంది అత్తగారు. ఇంటికెళ్ళాక కార్డు మీద మార్చి పదిహేడు కింద గీత గీసి, ఆ తర్వాతి టిక్కులన్నీ కొట్టేశాను.

సోమవారం ఆరింటికి పొయ్యి ఆపేసి ముందుగదిలోకి వచ్చాను. కిటికీ పక్క కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చున్నాను. ప్రమోద్ పళ్ళు తోముకుని వచ్చి నన్ను చూసి, తుండుతో మొహం తుడుచుకున్నాడు. "టీ ఇంకా కాలేదా?" అని లోపలినుంచి అత్తగారు. ప్రమోద్ తుండు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు. కార్డులో మార్చి పద్దెనిమిదికి రాసిన అధ్యాయం దగ్గర బైబిలు తెరిచి, పెన్సిలు చేతిలోకి తీసుకున్నాను. రెండు వాక్యాలు కూడా కాకముందే వంటింట్లో గిన్నె కింద పడింది. ఈ ఇంట్లో తొమ్మిదేళ్ళలో నేను కాక ఇంకొకరు గిన్నె పడేసిన చప్పుడు అదే మొదటిసారి.

"సువార్తా, చక్కెర ఎక్కడుంది?"

"వెతకండి" అన్నాను, తల ఎత్తకుండా.