మోచేతి మచ్చ

రంగు పోతుంది అని కదా బండిలోంచి తను అరిచాడు, ఇంజన్ రొదలో అది రాజు పోతున్నాడు అని వినపడ్డట్టుంది, షెడ్డు గుమ్మంలో అమ్మ సూర్యావతి గుండెలు బాదుకుంటోంది, మెకానిక్ ఏసుపాదం గ్యాస్ కట్టర్ ఈడ్చుకొస్తున్నాడు, వద్దురా బాబూ, తలుపు కోస్తే ఆ మచ్చ పోతుంది, కిటికీ అంచున నాన్నగారి మోచెయ్యి ఆని ఆని నీలం రంగు అరిగి రేకు తేలిన అరచేయంత మచ్చ, దానికోసమే కదా ఆయన పోయాక రొయ్యల చెరువు గట్టున పడున్న ఈ పికప్పుని తను భీమవరం లాక్కొచ్చాడు, బండి తిరగాలి, ఒక్క గీతా చెరగకూడదు, తుప్పు ఉంచడం తప్పు కాదయ్యా అని ఏసుపాదానికి నూరిపోసి, ఇవాళ ఇంజన్ అంటుకోగానే సంబరంగా ఎక్కి తలుపు లాక్కున్నాడు వెంకటరామరాజు, గడియ పడింది, లోపలి పిడి ఎంత ఎత్తినా వదల్లేదు, ఇక గడియలు గడవడం లేదు.

ఎడమ తలుపు ఏనాడో తుప్పుతో అతుక్కుపోయింది, కిటికీలో తల పడుతుంది, చెయ్యి పడుతుంది, పొట్ట దగ్గర ఇన్నేళ్ళ పులసల పులుసంతా అడ్డం, ఇంజన్ ఆపితే మళ్ళీ అంటుకుంటుందో లేదో, ఆపకపోతే పొగ, చిన్నప్పుడూ ఇదే పొగ, ఐసు పెట్టెల నీళ్ళు కారుతూ మొగల్తూరు నుంచి నాన్నగారు వస్తుంటే దారంతా జనం, అదిగో రాజుగారి దర్జా, మోచెయ్యి బయటపెట్టి రథం తోలినట్టు తోలతారండి ఆయ్, ఆ దర్జా తనకి రాలేదు, జోకులొచ్చాయి, పెళ్ళిలో జోకు, చావులో జోకు, ఊపిరాడనప్పుడల్లా ఓ జోకు, రంగు మళ్ళీ వేసుకోవచ్చండి రాజుగారూ, మిమ్మల్ని మళ్ళీ వెయ్యలేం కదండి అంటున్నాడు ఏసుపాదం, కొయ్యరా, మనిషి కంటే రేకెక్కువా అంటోంది అమ్మ.

కొయ్యనీ, ఇక ఓపిక లేదు, చివరిసారిగా ఆ మచ్చ మీద మోచెయ్యి పెట్టి ఒళ్ళంతా దానిమీద వాల్చేశాడు, తలుపు కాస్త కిందికి దిగింది, ఎడమచెయ్యి అలవాటుగా లోపలి పిడి ఎత్తింది, టక్కుమని తెరుచుకుంది, అంటే మోచెయ్యి ఆనించి నొక్కితేనే వదిలే తలుపు, నాన్నగారు దిగేటప్పుడల్లా బయటికి కనపడింది కుడి మోచెయ్యే, పిడి మీదున్న ఎడమచెయ్యి ఎవరు చూశారు, రాజు పోవడం కాదే అమ్మా, రంగు పోతుందన్నాను, నాన్నగారిది దర్జా కాదు, దర్వాజా, అని దిగి అందరికీ చేసి చూపించాడు, ఏసుపాదం పగలబడి నవ్వాడు, అమ్మ ఆ మచ్చ మీద చెయ్యి వేసి, అయితే ఆయన అన్నేళ్ళూ ఇరుక్కునే తోలారా అంది, దానికి జోకు వెతికాడు, దొరకలేదు, నాన్నగారి ఇరుకుని ఊరు దర్జా అంది, తన ఇరుకుని సరదా అంటోంది.